టీచరుగారి తోట కార్యక్రమం

శనివారం ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి, నలభై మందికి పాతిక చెట్లు చూపించి, పదకొండింటికల్లా తలా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపించెయ్యాలి. శుక్రవారం పొద్దున్నే కాఫీ తాగుతూ సంతోషకుమారి టీచరు వేసుకున్న ప్లాను ఇంతే. ముప్ఫైనాలుగేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి కాబట్టి, దీన్నీ ఒక పాఠంలాగే నిమిషాలతో సహా నోటుపుస్తకంలో రాసుకుంది. నాగలింగం దగ్గర ఏడు నిమిషాలు. సీమపనస దగ్గర నాలుగు. చివర్లో ప్రశ్నలకు పది. చదువుకునే పిల్లలే ఏనాడూ ప్రశ్న అడగలేదు, పెద్దవాళ్ళు అడుగుతారా అని ఆ పదిని కొట్టేసి ఐదు చేసింది.

మార్టూరు నుంచి అద్దంకి పోయే దారిలో ఉన్న ఆ ఊళ్ళో ఎటు చూసినా నల్లరేగడే. మిరప, పత్తి, మధ్య మధ్య పొగాకు. ఆ నలుపు మధ్యలో మిషను తోట ఎకరం నేల మాత్రం ఎర్రగా ఉంటుంది. నూట పాతికేళ్ళ కిందట వచ్చిన దొరసాని ఒకావిడ, తన చెట్లు రేగడిలో బతకడం లేదని, కరువు రోజుల్లో జనానికి పని దొరికినట్టూ ఉంటుందని, ఆరడుగుల లోతున నేల తవ్వించి ఎడ్లబండ్లమీద ఎర్రమట్టి తోలించిందట. ఎన్ని బండ్లు పట్టాయో ఎవరూ చెప్పలేరు. దొరసాని పోయింది, బంగళా పెంకులు పోయాయి, చెట్లు నిలబడ్డాయి. రిటైరైన దగ్గర్నుంచి వాటిని కనిపెట్టుకుని ఉన్నది సంతోషకుమారి టీచరే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే తీరిక లేక అనేది.

ఇప్పుడు ఆ చెట్లకే ముప్పొచ్చింది. వారం కిందట చర్చి సంఘం సెక్రటరీ ప్రేమ్‌చంద్ గేటు దగ్గర నిలబడి ఆ సంగతి చెప్పాడు.

"ఎవరు చూస్తన్నారు టీచరుగారూ ఈ చెట్లని? ఫంక్షన్ హాలు కట్టుకుంటామని చిలకలూరిపేట పార్టీ ఒకళ్ళు వెంటపడతన్నారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తీర్మానం పెడతన్నాం. చెట్లు కొట్టేస్తారు, నిజమే. హాలు చెట్ల మీద కట్టరుగా."

"చూసేవాళ్ళు ఉన్నారయ్యా."

"పోనీ నలభై మందిని వచ్చి చూసి వెళ్ళమనండి. నేనే ఆ తీర్మానం వెనక్కి తీసుకుంటా."

ప్రేమ్‌చంద్ మాట తప్పే మనిషి కాదు. నలభై మంది రారని గట్టి నమ్మకం ఉండబట్టే ఆ మాట ఇచ్చాడు. టీచరుకీ లోపల అదే భయం. ఈ చెట్లు పోతే తనకిక ఊళ్ళో పనేమీ ఉండదని, పొద్దున్నే లేవడానికి కూడా కారణం ఉండదని ఆవిడకు తెలుసు. ఆ దిగులుతో వారం రోజులు అన్నం సరిగ్గా సయించలేదు.

ఫ్లెక్సీ పని చైతన్యకృష్ణకు అప్పగించింది. అద్దంకిలో ఫ్లెక్సీల షాపు అతనిది. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. 'మిషను తోట సందర్శన, నూట పాతికేళ్ళ వృక్షాల పరిచయం, వివరించువారు సంతోషకుమారి టీచరు, ప్రవేశం ఉచితం' అని పేజీన్నర రాసి ఇచ్చింది. మధ్యాహ్నానికి అతను ఫోన్లో బొమ్మ పంపి, వెనకే ఫోను చేశాడు.

"మేడం, మీరిచ్చిన మేటరు పట్టలేదు. కొంచెం తగ్గించా. తోట కదా అని మీ ఫోటో చుట్టూ తెల్లపూలు వేశా. బాగుందా?"

గుండ్రటి చట్రంలో టీచరు ఫోటో. రిటైర్మెంటు రోజున మెడలో దండతో తీయించుకున్నది. చుట్టూ తెల్ల లిల్లీలు. కింద, 'సంతోషకుమారి టీచరు గారి తోట కార్యక్రమం. శనివారం ఉదయం 9 గంటలకు, మిషను కాంపౌండు.' ఆ కింద ఆవిడ ఫోను నంబరు. బాగుందనే అనుకుంది ఆవిడ. తన చేత్తోనే పూర్వ విద్యార్థుల గ్రూపులో పెట్టింది.

ఇక్కడ తోట అన్న మాట గురించి కాస్త చెప్పుకోవాలి. ఆ చుట్టుపక్కల రైతులకు తోటంటే మిరపతోట, ఇంకోటి కాదు. చర్చికి వెళ్ళే కుటుంబాలకు తోటంటే సమాధుల తోట. మనిషి పోతే ముందు ఇంటి దగ్గర ప్రార్థన, తర్వాత తోట కార్యక్రమం. మా నాన్నని తోటకి తీసుకెళ్ళి ఆరేళ్ళయింది అంటే అక్కడ చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. చైతన్యకృష్ణది ఆ సంఘం కాదు, అతనికి ఈ గొడవ తెలియదు. టీచరుకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ బుర్ర నిండా చెట్లున్న మనిషికి ఆ పూట అది తట్టలేదు. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు ఆ మనిషి ఫోన్లోంచే కబురు పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది గనక, గ్రూపులో వాళ్ళకూ అనుమానం రాలేదు.

పది నిమిషాల్లో నూట ఇరవై దండం బొమ్మలు వచ్చాయి. పిల్లలకు ఎంత మర్యాద అని టీచరు మురిసిపోయింది. కన్నీళ్ళు కారుస్తున్న ముఖాలు కూడా కొన్ని వచ్చాయి. ఆనందబాష్పాలు అనుకుంది.

సాయంత్రం ఫోను మోగింది. అవతల బరువుగా ఉన్న మగ గొంతు.

"నమస్తే అండి. రేపు ఎన్నింటికి తీస్తన్నారు?"

గేటు సంగతి అడుగుతున్నాడనుకుంది. "ఎనిమిదిన్నరకే తీస్తాం. మీరు తొమ్మిదికల్లా వచ్చెయ్యండి."

"ఎన్నాళ్ళ నుంచి బాగాలేదండి?"

"రెండేళ్ళ నుంచీ ఇంతే. ఎండలకి బాగా వాడిపోయింది. పట్టించుకునేవాళ్ళు ఎవరున్నారు, నీళ్ళు పోసే దిక్కు కూడా లేదు."

"మాకొక్క మాట చెప్తే వచ్చి చూసేవాళ్ళంగా అండి."

"ఇప్పటికైనా వస్తున్నారు, అదే చాలు. పిల్లల్ని కూడా తీసుకురండి."

"పిల్లలు భయపడతారేమో."

"భయమెందుకు? దగ్గరికెళ్ళి చేత్తో పట్టుకుని చూసినా ఏమీ కాదు."

ఆ మనిషి ఫోను పెట్టేశాడు. ఇలాంటివే ఇంకో నాలుగు వచ్చాయి. ఆ రాత్రి టీచరు కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

తెల్లవారి ఎనిమిదిన్నరకు గేటు తీసేసరికి బయట ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులోంచి దిగినవాడి పేరు బుడే. పాతికేళ్ళ కిందట ఆవిడ దగ్గర టెన్త్ చదివినవాడు, ఇప్పుడు మార్టూరులో గ్రానైట్ రాళ్ళకు పాలిష్ పెట్టే చోట మేస్త్రీ. టీచరును చూసి రెండడుగులు వెనక్కి వేసి ఆటోను పట్టుకున్నాడు.

"మేడం, మీరేనా?"

"నేను కాకపోతే ఎవర్రా? ఏంట్రా ఆ చెమటలు?"

బుడే ఆటోలో గోనెపట్టా కప్పిన దాన్ని ఇంకాస్త కప్పబోయాడు. ముప్ఫైనాలుగేళ్ళు పిల్లల జేబుల్లోంచి కాపీ చీటీలు లాగిన చెయ్యి ఊరుకుంటుందా. పట్టా పక్కకు లాగింది. నల్లటి రాయి, ముఖం కనపడేంత నునుపుగా ఉంది. దాని మీద ఆవిడ పేరు. కింద జననం, మరణం. మరణం దగ్గర నిన్నటి తారీకు.

సంతోషకుమారి టీచరు దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది.

"సంతోషలో ష రావాలి. శ చెక్కావు," అంది.

"నిన్న కంగారులో చెక్కా మేడం."

"కంగారేం కాదు. పోషణ పాఠమంతా పోశణ, పోశణ అని రాసినప్పుడే నీకు చెప్పాను."

ఆ తర్వాతే ఆవిడ ఆటో అంచున కూర్చుండిపోయింది. తోట కార్యక్రమం. దండలో ఫోటో. నూట ఇరవై దండాలు. ఎన్నింటికి తీస్తన్నారు. ఒక్కొక్కటే తెలిసొచ్చింది. తను పోయిందని ఊరంతా అనుకుంటోంది. బుడే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"కంగారు పడమాకండి మేడం. అందరికీ ఫోను చేసి రావద్దని చెప్తా."

ఆవిడ గ్లాసు సగం ఖాళీ చేసి ఆగింది. చెట్లు చూడటానికి రమ్మంటే ఎంతమంది వచ్చేవాళ్ళో ఆవిడకు బాగా తెలుసు. వేళ్ళ మీద లెక్కపెడితే వేళ్ళు మిగులుతాయి. పోయిందంటే మాత్రం దారిలో ఉన్నారు. ప్రేమ్‌చంద్ నలభై మంది రావాలన్నాడు గానీ, ఎందుకు రావాలో అనలేదు.

"వద్దు, రానివ్వు," అంది. "తొమ్మిది దాకా ఎవరికీ చెప్పకు." అన్నాక ఆవిడకే సిగ్గేసింది. ఒకరి దుఃఖాన్ని ఇలా వాడుకోవచ్చా అని మనసు పీకింది. పీకుతూ ఉండగానే లేచి వెళ్ళి నాగలింగం చెట్టు వెనక నిలబడింది.

తొమ్మిదయ్యేసరికి రెండొందల మంది పైనే అయ్యారు. తెల్ల చీరలు, పూలదండలు, పాటలు పాడేవాళ్ళు, వాళ్ళ హార్మోనియం. గొంతులు తగ్గించుకుని ఆవిడ గురించే మాట్లాడుకుంటున్నారు. ఫీజు కట్టి చదివించిందని ఒకరు, చెవి మెలిపెడితే మూడు రోజులు నొప్పి ఉండేదని ఇంకొకరు. రెండోది అన్నవాడు కూడా కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు. చెట్టు వెనక నిలబడి టీచరు అదంతా వింది. ఇంతమందికి తనంటే ఇంత ఇష్టమా. బతికుండగా ఒక్కళ్ళూ అనలేదే. ఇంక దాక్కోలేక బయటికి వచ్చేసింది.

పాట మధ్యలో ఆగిపోయింది. ముందు తేరుకున్నది హెలెన్ టీచరు. లెక్కల టీచరు, ఒకే స్టాఫ్‌రూములో ఇరవయ్యేళ్ళు కలిసి కూర్చున్న మనిషి. క్రిస్మస్ నక్షత్రం వేలాడదీయడానికి అడ్డొస్తుందని తోటలో సంపెంగ కొమ్మ ఒకటి కొట్టించిందని పదకొండేళ్ళ కిందట ఇద్దరికీ మాటలు పోయాయి. ఆవిడ చేతిలో దండ పట్టుకునే దగ్గరకు వచ్చింది.

"నువ్వు పోలేదా?"

"లేదు."

"నిన్నటి నుంచీ ఏడుస్తున్నానే నేను. కొమ్మ కొట్టించింది నా తప్పే అని ఒక్క మాట నీతో అనలేకపోయానే అని."

"ఇప్పుడు అను."

"ఇప్పుడెందుకంటాను? బతికున్నావుగా."

అని ఆవిడ భుజం మీద తలపెట్టి మళ్ళీ ఏడ్చింది. సంతోషకుమారికీ ఏడుపు ఆగలేదు. ఒక్క కొమ్మ కోసం పదకొండేళ్ళు పాడుచేసుకున్నామని ఇద్దరికీ ఒకేసారి బాధేసింది. ఫ్లెక్సీ సంగతి, తోట మాట సంగతి బుడే చెప్పాడు. జనంలో ముందు గుసగుసలు, తర్వాత నవ్వులు లేచాయి. కొందరికి కోపమూ వచ్చింది, రోజు కూలి వదులుకుని వచ్చామని.

ప్రేమ్‌చంద్ మెల్లగా గేటు వైపు జరుగుతున్నాడు. అతని చొక్కా జేబులో మడిచిన కాగితం టీచరు కంటపడింది.

"ఏంటయ్యా అది?"

"ఏం లేదండి. మీ గురించి నాలుగు మాటలు రాసుకొచ్చా."

"చదువు. నా గురించి రాసింది నేను వినకూడదా?"

చదవక తప్పలేదు. "ఈ చెట్లే ఆమె బిడ్డలు. ఆమె ప్రాణం పెట్టి పెంచిన ఈ తోటను కంటికి రెప్పలా కాపాడుకోవడం సంఘంగా మన అందరి బాధ్యత." చదివేకొద్దీ గొంతు తగ్గిపోయింది.

"గట్టిగా," అంది టీచరు. "వెనకాల వాళ్ళకి వినపడాలి. చదివాక మనుషుల్ని లెక్కపెట్టుకో, నలభై ఉన్నారో లేదో."

"వీళ్ళు తోట చూడటానికి రాలేదు గదండి."

"చూడకుండా ఎట్టా వెళ్తారో నేనూ చూస్తాను," అని జనం వైపు తిరిగింది. "వచ్చింది ఎలాగూ వచ్చారు. కూర్చోబెట్టడానికి కుర్చీలు లేవు. నడవండి నా వెనకాల."

ఆవిడ నడవండి అంటే నడవడం వాళ్ళందరికీ చిన్నప్పటి అలవాటు. రెండొందల మంది చేతుల్లో దండలతో, లైను కట్టి బయల్దేరారు. చెంచురామయ్య అనే రైతు ఒకాయన మిరపతోటల మీటింగనుకుని ముడుచుకుపోయిన మిరపాకు పట్టుకొచ్చాడు. ఆయన కూడా లైన్లో కలిశాడు.

నాగలింగం దగ్గర ఏడు నిమిషాలు ఎవరూ నోరు మెదపలేదు. పొగడ దగ్గరకు వచ్చాక, దొరసాని ఎర్రమట్టి తోలించిన సంగతి చెబుతుంటే వెనక నుంచి ఒకాయన అడిగాడు.

"వానాకాలం ఇక్కడ నీళ్ళు నిలవవా అండి?"

"ఎంత వానొచ్చినా గంటలో ఇంకిపోతాయి. ఆరడుగుల దాకా ఎర్రమట్టే."

"ఆరడుగులా," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"ఎండలకి నేల పగలదా?"

"రేగడి కాదుగా, పగలదు."

ఇక ప్రశ్నలు ఆగలేదు. వేళ్ళు ఎంత దూరం పాకుతాయి, ఈ చెట్టుకీ ఆ చెట్టుకీ మధ్య ఎంత ఎడం, ఇది ఇంకా ఎన్నాళ్ళు ఉంటది, పురుగూ పుట్రా ఏమన్నా ఉంటాయా. ఒకాయన సీమపనసకూ పక్క చెట్టుకూ మధ్య అడుగులు వేసి కొలిచాడు. ఇంకొకాయన పొగడ కింద వెల్లకిలా పడుకుని చూశాడు. పూత చూస్తున్నాడనుకుంది టీచరు. హెలెన్ అయితే సంపెంగ కింద నిలబడి కదల్లేదు. సాయంత్రం ఎండ ఇటు పడుతుందా అని రెండుసార్లు అడిగింది. టీచరుకు ఒళ్ళు పులకరించింది. ముప్ఫైనాలుగేళ్ళ ఉద్యోగంలో మొక్కల మీద ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదు. పదకొండింటికి అయిపోవాల్సింది ఒంటిగంటన్నర అయింది. మజ్జిగ చాలక రెండుసార్లు నీళ్ళు కలిపారు. నల్లరాయి ఏం చెయ్యమంటారని బుడే అడిగితే, అక్షరం దిద్ది, తారీకు చెరిపి తీసుకురమ్మంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమ్‌చంద్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"నిన్న తోట చూసినవాళ్ళలో నూట అరవై మూడు మంది సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. తోటను ఫంక్షన్ హాలుకి ఇవ్వకూడదు, ఒక్క చెట్టు కూడా కొట్టకూడదు అని."

సంతోషకుమారి టీచరు పైట ముఖానికి అడ్డం పెట్టుకుంది. అంత సంతోషం ఆవిడ రిటైరైన రోజున కూడా పడలేదు.

"ఇంకా ఉందండి," అన్నాడు ప్రేమ్‌చంద్. "మన సమాధుల తోట నల్లరేగడిలో ఉన్నందువల్ల, వానాకాలం గుంట తవ్వితే నీళ్ళు ఊరుతున్నందువల్ల, ఎండాకాలం నేల పగిలి సిలువలు ఒరిగిపోతున్నందువల్ల, ఎర్రమట్టి ఉన్న మిషను తోటను ఇక మీదట సంఘానికి సమాధుల తోటగా వాడుకోవాలని కోరుతున్నారు. ఎవరికి ఏ చెట్టు కింద కావాలో పేర్ల పక్కన రాశారు."

టీచరు పైట దించింది. నిన్నటి ప్రశ్నలన్నీ వరసగా గుర్తొచ్చాయి. పొగడ కింద పడుకున్న మనిషి కూడా. పక్కనున్న హెలెన్ వైపు తిరిగింది.

"నువ్వూ పెట్టావా సంతకం?"

"మొదటిది నాదే. సంపెంగ కింద."

"కొమ్మలు కొట్టే మనిషివి, నీకు సంపెంగ ఏంటి?"

"కింద పడుకున్నదాన్ని కొమ్మ ఎట్టా కొడతానే?"

టీచరుకు ముందు కోపం వచ్చింది. లేచి నిలబడి అరవబోయి, ఆగి ఆలోచించింది. చెట్లను ఎందుకు ప్రేమించాలో ముప్ఫైనాలుగేళ్ళు నల్లబల్ల మీద బొమ్మలేసి చెప్పింది, ఒక్కడికీ ఎక్కలేదు. ఎప్పటికైనా వాటి కిందే పడుకోవాలని తెలిశాక ఒక్క పూటలో నూట అరవై మూడు మందికి ఎక్కింది. ఫంక్షన్ హాలువాళ్ళు ఒక్క చెట్టూ మిగల్చరు. వీళ్ళు ఒక్క ఆకు కూడా తెంపనివ్వరు. తను పోయాక ఈ చెట్లను ఎవరు చూస్తారన్న దిగులు ఆవిడను ఏళ్ళ తరబడి తింటోంది. ఆ దిగులు ఆ క్షణంలో పోయింది.

"నాకు సమ్మతమే," అంది. "కానీ సిమెంటు దిమ్మెలు కట్టకూడదు. చెట్టు మొదలుకి ఎంత ఎడం ఉండాలో నేను చెప్తాను. ఇంకో సంగతి. ఎవరు ఏ చెట్టు కింద చోటడిగారో వాళ్ళు ఇవాళ్టి నుంచే ఆ చెట్టుకి నీళ్ళు పొయ్యాలి."

చేతులు ఎత్తమంటే అందరూ ఎత్తారు. ఆ వేసవిలో మిషను తోటకు నీళ్ళ కరువు రాలేదు. పొద్దున్నే బిందెలతో వచ్చేవాళ్ళు, పాదులు చేసేవాళ్ళు, మా చెట్టు చిగురేసిందని టీచరును చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించేవాళ్ళు. శనివారం శనివారం ఆవిడే తోట తిప్పి చూపిస్తోంది, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా వస్తున్నారు. హెలెన్ రోజూ సాయంత్రం సంపెంగ కింద కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. చోటు అలవాటవ్వాలని అంటుంది.

సమాధులకు అనుమతి ఇమ్మని పైఆఫీసుకు అర్జీ పెట్టి ఏడాదిన్నర అయింది, ఇంకా జవాబు రాలేదు. వెళ్ళి అడుగుదామని ప్రేమ్‌చంద్ రెండు మూడుసార్లు అన్నాడు గానీ ఎవరూ బయల్దేరలేదు. అనుమతి వస్తే అందరికన్నా ముందు ఎవరు వెళ్ళి పడుకోవాలన్నది ఇంకా తేలలేదు.